ఎనిమిది దెబ్బలు

ఓక్లహోమాలో ఎనిడ్ ఊరి చివర ఒక ఇల్లు. వడగళ్ళ వాన పడి వారమైంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం చూడ్డానికొచ్చిన గేలన్ ఇంటికప్పు మీదున్నాడు. ఇంటావిడ వర్నా కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది.

“ముప్పావు గంటైంది. పైన సుద్దముక్కతో బొమ్మలేస్తున్నావా నాయనా?”

“చదరాలు గీస్తున్నానండీ. పదడుగులకి పదడుగులు, కప్పుకి అటో వాలు ఇటో వాలు కదా, వాలుకొకటి. ఆ చదరంలో ఎనిమిది వడగళ్ళ దెబ్బలుంటే...”

“ఉంటే?”

“ఆ వాలుకి కొత్త కప్పు రాస్తాం.”

“లేకపోతే చేతులు దులుపుకుని పోతారు. తెలుసులే. పంతొమ్మిదేళ్ళు నా దగ్గర ప్రీమియం మింగారు. ఒక్క వాన పడిందో లేదో, సుద్దముక్క చేతికిచ్చి నిన్ను తోలారు.”

“నిచ్చెన కదపకండి వర్నా గారూ.”

“పడితే పడతావ్. నీకూ ఉంటుందిగా ఇన్సూరెన్సు! నా మంచం మీద ధారగా కారుతోందయ్యా. బకెట్టు పక్కన పెట్టుకుని పడుకుంటున్నా. సొంతంగా కప్పేయించుకునే తాహతే ఉంటే నీ మొహం చూసేదాన్నా?”

“తూర్పు వాలు అయిపోయింది. ఇరవై ఆరు దెబ్బలు.”

“విన్నావా! ఇరవై ఆరు! నువ్వడిగింది ఎనిమిది, నేను దానికి మూడింతలు... మూడింతలు పడ్డాయి.”

“అన్నీ ఒకే సైజు. అన్నీ గుండ్రంగా. జానెడుకొకటి, జానెడుకొకటి. మీ ఊరి వడగళ్ళకి మహా క్రమశిక్షణండీ.”

“వెటకారమా?”

“ఆ దెబ్బల మధ్యలో గాలి గొట్టానికి రేకు టోపీ ఉంది. దానిమీద ఒక్క సొట్ట లేదు. పాపం, దాన్ని తప్పించుకుని మర్యాదగా పడ్డాయి.”

“రేకు గట్టిదేమో.”

“బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది.”

“అయితే ఏమంటావ్? వడగళ్ళని పిలిచి నేనే వరసలో నిలబెట్టానా?”

“వాన తర్వాత కప్పులేసేవాళ్ళెవరైనా వచ్చారా?”

“రాకేం? వాన వెలిసీ వెలవకముందే ట్రక్కులేసుకుని ఈగల్లా వాలారు. ఒకడు నా గుమ్మంలో నిలబడి అరగంట వాగాడు. పైకెక్కి చూసిన పాపాన మాత్రం పోలేదు, సోమరి వెధవ.”

“ఏమన్నాడు?”

“వాలుకి ఎనిమిది దెబ్బలు కనబడకపోతే మీవాళ్ళు దమ్మిడీ రాల్చరన్నాడు. అదొక్కటే నిజం చెప్పుంటాడు వాడి జన్మలో.”

“మరి పైకెవరెక్కారు?”

“ఎవరూ ఎక్కలేదు.”

“తల గుండ్రంగా ఉండే సుత్తండీ. గుర్తులే చెబుతున్నాయి.”

“ఎవరూ ఎక్కలేదన్నానా!”

“సరే. ఎవరూ ఎక్కలేదని రాస్తాను. సుత్తి తనంతట తనే ఎక్కిందని కూడా రాయమంటారా?”

“ఎక్కాను! ఎక్కాను, ఏం? మోకాళ్ళరిగిపోయిన అరవయ్యేడేళ్ళ మనిషిని, ఎక్కాను. చూశాను. ఒక్క గుర్తు లేదు! సాయంత్రమంతా నెత్తిన డప్పులు కొట్టినట్టు కొట్టిందే, తీరా చూస్తే గీత లేదు! కంటికేమీ కనబడకపోతే నువ్వు రాస్తావా? నీలాంటివాడు రాస్తాడా?”

“రెండు వాలులూ కొట్టారా?”

“తూర్పు ఒక్కటే. పడమరది రోడ్డుకి కనబడుతుంది. సిగ్గేసింది.”

“ఇలాంటి పాత తారు పెంకుల మీద వడగళ్ళ దెబ్బ కంటికి ఆనదండీ. అరచేత్తో తడమాలి. దెబ్బ తిన్న పండులా మెత్తగా తగులుతుంది.”

“పడమర తడిమావా?”

“ఆ రోజు గాలివాన పడమర నుంచే కదా, ముందు అదే తడిమాను. దిగుతున్నా, నిచ్చెన గట్టిగా పట్టుకోండి.”

“తగిలిందా?”

“సుత్తి దెబ్బ ఒక్కటి కనబడ్డా క్లెయిమ్ మొత్తం కొట్టేస్తారు. మీ పాలసీ కాగితంలోనే ఉంది. తూర్పు వాలు ఫోటోలు తీసినవి తీసినట్టే ఆఫీసుకెళ్ళిపోయాయి. ఇక నా చేతిలో ఏమీ లేదు.”

“తూర్పు సంగతి ఎవడికి కావాలి! పడమర తగిలిందా అంటే చెప్పవేం?”

“సరిగ్గా మీ మంచం పైన, వర్నా గారూ. ఎనిమిదుంటే చాలు. పదకొండున్నాయి.”