తోలా పొదా, తొమ్మిది బుల్డోజర్లూ

కాలువలో పూడిక తీసే పని మధ్యాహ్నానికి ఆపి, ఊరంతా కొండవాలు మీద కూర్చున్నాం. నడుమ దుప్పటి పరిచి, ఎవరు తెచ్చిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు వాళ్ళు దాని మీద కుమ్మరించారు. యులోఖియో దుంప నోట్లో పెట్టుకోకముందే మొదలుపెట్టాడు.

"పోయినేడు గని కంపెనీ వాళ్ళ బుల్డోజరు వచ్చిందే, దాన్ని ఆపిందెవరనుకున్నారు? నేనే. గొప్పకి చెప్పట్లేదు. ఎదురెళ్ళి నిలబడి 'ఆగరా' అన్నా. ఆగింది. అంతే."

"అంతేనా బాబాయ్?" అన్నాడు ఫెర్మిన్, వేడి దుంప ఊదుకుంటూ.

"అంతే అయితే చెప్పేదేముందిరా! డ్రైవరు దిగి, 'ఈ పసుప్పచ్చ పూల పిచ్చిపొదలు దేనికయ్యా, పీకేసి రోడ్డేస్తాం' అన్నాడు. పిచ్చిపొదలట! నాకు ఒళ్ళు మండిపోయింది. 'ఒరే, ఇది తోలా. తడిసినా భగ్గున మండుతుంది, మా పొయ్యి ఇదే. చలిగాలికి మా గొర్రెపిల్లలు దూరేది దీని కిందే. ఈ కొండ మట్టి జారకుండా పట్టుకున్నవి దీని వేళ్ళే. నీ తాత పుట్టకముందు నుంచీ ఉంది, నువ్వు పోయాకా ఉంటుంది' అన్నా. వాడు వినకుండా పొదకి గొలుసు కట్టాడు. నేను ఇటు నుంచి పొద మొదలు పట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషనే వెనక్కి జరిగింది!"

"నీ బలానికా?"

"నాదీ, తోలాదీ. చెరి సగం. వాడు ఇంకో మిషను తెప్పించాడు. ఇంకోటి. మొత్తం తొమ్మిది, వరసగా గొలుసులేసి లాగుతున్నాయి. వేరు సాగుతోంది గానీ తెగదే! పది బారలు, వంద బారలు... కొండ అవతల ఊళ్ళో చర్చి గంట దానంతటదే మోగింది. ఇంకా లాగారు. వేరు కొస సముద్రంలోంచి వచ్చింది, దాన్ని కరుచుకుని ఇంత చేప!"

"అబద్ధం!" అని ఎవరో అరిచారు.

"తిన్నాను కదరా ఆ చేపని! ఇంకో పిల్లవేరు రాజధాని లీమాలో మంత్రిగారి కుర్చీ కింద నుంచి పోయిందట. కుర్చీ తిరగబడి ఆయన బల్ల కింద పడ్డాడు. 'ఎవడ్రా వాడు?' అని అక్కణ్ణుంచి అరిచాడు. నేను తగ్గుతానా? ఇక్కణ్ణుంచే అరిచా, 'యులోఖియోని! నీ రోడ్డూ వద్దు, నువ్వూ వద్దు, పో!' అని."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అతని అన్న భార్య బసీలియా మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు నీ టోపీ గొర్రెల దొడ్డి గోడ మీదుగా కనబడింది మరిదీ. మిషను వాలు మీద ఉంటే నువ్వు దొడ్డిలో ఉన్నావు. పొదని వాటేసుకుని పడుకున్నది తొమాసా అవ్వ. డెబ్భై ఆరేళ్ళ మనిషి. వాళ్ళు గొలుసు లాగితే కుడి మణికట్టు విరిగింది. అయినా వదల్లేదు. అది చూసి మేం పదకొండు మంది ఆడవాళ్ళం తలో పొదా పట్టుకుని పడుకున్నాం. మిషను ఆగింది అందుకు."

తొమాసా అవ్వ ఎడంచేత్తో దుంప తొక్క తీసుకుంటోంది. తల ఎత్తలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"కంపెనీ వాళ్ళు సోమవారం మళ్ళీ వస్తున్నారట," అంది బసీలియా. "ఈసారి ముందు రా. కథ తర్వాత చెబుదువుగాని."

యులోఖియో చేతిలో దుంప చల్లారిపోయింది. దాన్ని దుప్పటి మీద పెట్టేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావు వదినా?" అన్నాడు.