నాన్న బుగ్గమీది మచ్చ

ఆ మూతగ్లాసే దించుతున్నావా రోజీనా? మెల్లిగా, కాడ పట్టుకో. ఏమన్నావూ, మీ ముత్తాత అచ్చం దానిమీద చెక్కిన ఈ బొమ్మలాగే ఉండేవాడా అనా? ఉండేవాడనే చెప్పుకుంటాం మరి. నారబట్టల వ్యాపారం మా నాన్నది. బళ్ళు కట్టించుకుని హాంబుర్గ్ బయల్దేరాడు, దార్లో జ్వరమొచ్చి పోయాడు, అక్కడే ఎక్కడో పాతిపెట్టారు. నాకప్పుడు ఆరేళ్ళు. కాదు, ఏడేమో, పళ్ళు ఊడుతున్నాయి. బొమ్మ గీయించుకోమంటే ఇప్పుడేం తొందర అనేవాడట. దాంతో అమ్మకి బెంగ పట్టుకుంది, ఆయన మొహం మర్చిపోతున్నానని. వార్మ్‌బ్రున్‌లో గ్లాసులు చెక్కే మెల్కియోర్ దగ్గరికి నన్నూ, వంటామె ఊర్సెల్‌నీ వెంటేసుకుని వెళ్ళింది. దొరలంతా ఆయన దగ్గర వాళ్ళ వంశచిహ్నాలు, సింహాలూ, ఓడలూ చెక్కించుకునేవారు. చూసి చెక్కడానికి ముద్రో కాగితమో తెచ్చి ఇచ్చేవారు. మా దగ్గరేముంది, మా నోళ్ళే.

కాలితో తొక్కితే తిరిగే చిన్న రాగి చక్రానికి గ్లాసు ఆనించి, మేం చెప్పింది చెప్పినట్టు చెక్కేవాడు పాపం. గాజుతో చిక్కేమిటంటే, ఎంత లోతుగా చెక్కితే కంటికంత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, చెక్కింది మళ్ళీ పూడదు. ముక్కు పెద్దదైందని అమ్మ అంటే, దాన్ని తగ్గించలేక బుగ్గలు పెంచేవాడు. మూడు వారాలకి మా నాన్న బాగా ఒళ్ళు చేశాడు. నవ్వకే, అమ్మ ఏడ్చింది. ఏదో తక్కువైందయ్యా అంది. నువ్వు చెప్పవే, ఒళ్ళో కూచునేదానివి కదా అని అందరూ నావైపు తిరిగారు. నాకేమో ఆయన బూట్ల వాసన తప్ప ఒక్క ముక్కా గుర్తులేదు. ఆ మాట అమ్మతో ఎలా అననూ?

"బుగ్గమీద పుట్టుమచ్చ పెట్టలేదు," అన్నాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. అవునవును, కుడి బుగ్గమీద అంది. కాదమ్మగారూ, ఎడమ బుగ్గే, రోజూ సూప్ వడ్డించినదాన్ని నాకు తెలీదా అంది ఊర్సెల్. ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. మెల్కియోర్ చిన్న చుక్క చెక్కి గ్లాసు అమ్మ చేతికిచ్చాడు. "కుడి అన్నవాళ్ళు ఇటునుంచి చూడండి, ఎడమ అన్నవాళ్ళు వెనకనుంచి చూడండి," అన్నాడు.

ఏటా నాన్న పేరుపండగ నాడు, అంటే ఆయన పేరున్న పునీతుడి రోజున, అందులో వైన్ పోసి తలో గుక్క తాగేవాళ్ళం. అమ్మ ఆ మచ్చని ముద్దుపెట్టుకునేది. పోయే ముందు కూడా వేలితో దాన్నే తడిమింది. నేనా? మచ్చ సంగతి అమ్మకి చెప్పలేదు. చెబుదామనుకునేసరికి, అప్పుడు అబద్ధమాడానో, నిజంగానే గుర్తొచ్చి అన్నానో నాకే తెలియకుండా పోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మచ్చతోనే వస్తాడు. ఒకసారి ఇటు బుగ్గమీద, ఒకసారి అటు. ఏదీ, వెలుగుకి పట్టు. ఊఁ, తిప్పు. ఇంకాస్త... సరేలే, మూత పెట్టెయ్. గసగసాల రొట్టె కోశావా?