పిల్లల వార్డు గోడ

నిచ్చెన మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్న పెయింటరు, నెలల తరబడి ఇంట్లోనే ఉండి, ఇవాళే మొదటిసారి బయటికెళ్ళి వచ్చాడు. భార్య వంటింట్లో కాఫీ కలుపుతోంది.

“...గోడా అది? దాన్ని గోడంటారా?”

“డాక్టరుకి భుజం చూపించుకు రండంటే గోడలు చూసొచ్చారా?”

“చూడకేం చేస్తాను? పిల్లల వార్డు తలుపుకి ఎదురుగానే కూర్చోబెట్టారు, లోపలి గోడంతా కనిపిస్తోంది. లేత నీలం వేశారు. వేశారు కాదు, పూశారు. అన్నీ చారలే. ఎవరి పని ఇదీ అంటే, సేవా క్లబ్బు వాళ్ళదట.”

“పాపం, ఊరికే వేశారుగా.”

“ఊరికే వేశారని చెమ్మ ఊరుకుంటుందా? పాత రంగు గీకలేదు, ప్రైమర్ కొట్టలేదు. వానలు పడితే పెచ్చులన్నీ పిల్లల మంచాల మీదే రాలతాయి.”

“నిజంగానా?”

“కిటికీ పక్క మూల మరీ ఘోరం. ఆ మహానుభావుడెవరో, పట్టుకున్నది కుంచో చీపురో.”

“పంచదార సరిపోయిందా?”

“నేను కాఫీ సంగతి చెప్పట్లేదే.”

“ఆ మూల నేనే వేశానండీ.”

“నువ్వా?”

“నేనే.”

“మరి ఆదివారాలు అక్కయ్య ఇంటికని...”

“అక్కయ్యా క్లబ్బులోనే ఉంది. వెళ్ళేది ఆవిడతోనే.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే ఏమంటారు? పనీపాటా లేనివాళ్ళ ఫొటోల సంఘం అనరూ?”

“అంటాను. ఇప్పుడూ అంటాను.”

“అనండి. మీరు పడ్డాక అటు తిరిగి పడుకునేవారు, నేను మీ వీపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు అక్కయ్య లాక్కెళ్ళింది. వెళ్ళగానే మందుల షాపాయన మీద రంగు డబ్బా బోర్లించాను. ఆయనతో సహా అందరం పడీపడీ నవ్వాం. నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది నాకు. ఇంటికొచ్చి మీ విసుగు భరించే ఓపిక అక్కడే తెచ్చుకున్నాను.”

“అంత విసుక్కున్నానా?”

“అంతకంటే ఎక్కువే.”

“ఊఁ... ఆ నీలం ఎవరు కలిపారు?”

“నేనే. బాలేదా?”

“రంగు బాగుంది. రంగు మాత్రమే.”

“అయితే మీరూ చేరండి. వాన రాకముందే ఆ గోడ సరిచేద్దాం.”

“ఈ చెయ్యి భుజం దాటి లేవదే. నేనొచ్చి ఏం వెలగబెట్టాలి?”

“చేతులు మాకున్నాయి. చెప్పేవాళ్ళే లేరు. ఇందాకట్నుంచి తిడుతున్నారే, అలాగే తిడుతూ చెప్పండి.”

“నువ్వంటే కట్టుకున్నావు గనక పడతావు. వాళ్ళకేం ఖర్మ? ఒక్క మాటకే లేచి పారిపోతారు.”

“ఏమో, ఇంతవరకూ ఎవరూ లేచిన చప్పుడు కాలేదు.”

“ఎక్కడ?”

“పెరట్లో. మిమ్మల్ని అడుగుదామని క్లబ్బంతా వచ్చి కూర్చుంది. కిటికీ తీసే ఉందండీ.”