పసుపు నిలవని మెట్లు

ఏంది కోమలమ్మా, ఆ ట్యాబులో మెట్ల బొమ్మేసుకోని గీకతా ఉండావు? రెండేసి మెట్లు ఎగిరితే ఒక రంగు, మూడేసికి ఇంగొకటా? ఈ పాఠం ఈ గుట్ట మీదే చెప్పిందమ్మా మా జ్ఞానాంబ టీచరు. అప్పుడు నేను నువ్విప్పుడు పాఠం చెప్పే ఇస్కూల్లోనే బంట్రోతుని. పెరటాసి నెల మూడో శనివారం మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టేది మన మొక్కు గదా, ఆయమ్మ దాన్నే లెక్కలు చేసింది. వంద మెట్లు. "ఒరే పిల్లోళ్ళా, రెండుని వదిలేసి, ఆ పైన రెండేసి ఎగరతా పసుపు పెట్టండి. మూడుని వదిలేసి మూడేసికి కుంకుమ. అట్లే అయిదుకి గంధం, ఏడుకి బియ్యప్పిండి." ఒకటో మెట్టు ఈ లెక్కలోకి రాదని దానికొక పువ్వు పెట్టి ఊరుకునింది. కడాకి ఇరవై అయిదు మెట్లు బోడిగా మిగిలినాయి. "ఇవేరా ప్రధాన సంఖ్యలు, యెవురి భాగానికీ లొంగవు" అని కండ్లు పెద్దవి చేసి చెప్పింది. చదువు రాని నాకే అర్థమయిందంటే సూసుకో.

ఆపొద్దు జనం జాస్తి. "తప్పిపోతే బోడి మెట్టు మీద కూసోండి, దిగేటప్పుడు వాటినే సూసుకుంటా వస్తా" అని పిల్లోళ్ళకి చెప్పి గుళ్ళోకి పోయింది. ఆ మాట నేను విన్లేదమ్మా. స్వామి మెట్లు అట్ల బోడిగా ఉండొచ్చునా అని నాకు పాపభయం. పసుపు గిన్నె తీసుకోని కిందనుంచి ఒక్కోదానికీ పూసుకుంటా ఎక్కినా. ఆఖరిది తొంభై ఏడు. దాని మీద మోహన అని తొమ్మిదేండ్ల బిడ్డ, కాలు బెణికి ఏడస్తా ఉండాది. లేపి, ఆ మెట్టుకీ పూసేసి, బిడ్డని భుజానెత్తుకోని వెనక బండిదారిన వాళ్ళమ్మ దగ్గర దించినా. టీచరమ్మకి చెప్పి పోవాలని తోచలే. ఆయమ్మ దిగి సూస్తే బోడి మెట్టు ఒక్కటీ లేదు, బిడ్డా లేదు. వాన పట్టుకునింది. "మోహనా, మోహనా" అని ఎక్కతా దిగతా ఉన్నిందంట. తెల్లారి టీచరమ్మ గుండ్ల సందున ప్రాణం లేకుండా దొరికింది. బిడ్డని కాపాడినానని ఊరంతా నన్ను పొగిడినారు. పసుపు సంగతి స్వామి ముందర కూడా నోరు తెరిచి చెప్పలే. నీకే చెప్తా ఉండేది.

మరుసటేడు ఇదే శనివారం, తొంభై ఏడో మెట్టు తుడిచిపెట్టినట్టు బోడిగా ఉండాది. వాన లేదు, చినుకు లేదు. ఆ పైయేడు ఎనభై తొమ్మిది. ఆనెక ఎనభై మూడు. ఎంత పూసినా నిలవదు. ఏడాదికొకటి, వరస తప్పకుండా, కిందికి. పోయినేడు మూడో మెట్టు. నిదానంగా సూసుకుంటా దిగతా ఉండాదమ్మా ఆ తల్లి. ఈ పొద్దు మళ్ళా మూడో శనివారం గదా, తెల్లవారుజామునే రెండో మెట్టుకి పసుపు చిక్కంగా కలిపి నేనే పూసినా, ఇంగా పచ్చి ఆరుండదు. రెండుకి కింద ఏముండాదమ్మా? ఒకటి లెక్కలోకి రాదు. ఇంగ నేలే. నువ్వు కూసోనుండేది రెండో మెట్టే గదా. లేయి, ఒకసారి అటు తిరుగు. నీ చీరకి యాడా పసుపంటలేదే, మెట్టూ బోడిగా ఉండాదే.

అట్లే ఉండమ్మా, కదలబాకు. జ్ఞానాంబ టీచరమ్మా... మోహన ఇంటికి పోయిందమ్మా. ఆపొద్దే పోయింది. నేనే ఎత్తుకోని పోయినా.