ఆ పై గొంతు ఎవరిది?

హలో… ఆ, నేనే, లవెర్న్‌ని… పత్రిక లవెర్న్‌నే తల్లీ, ఇంకెవరు! పొద్దుట్నుంచీ నీకోసం ఫోన్ చేస్తూనే ఉన్నా. మావాళ్లు న్యూవార్క్‌కి, మీ ఇంటికి కారు పంపేశారా?… ఇంకా రాలేదా, బతికించావు… మీ చెల్లి ఒనీటా నీకు జడలు అల్లుతోందా? అల్లనీ. డెల్ఫీన్, విను. ఇవాళ టీవీ షోకి రాకు.

ఎంత పెద్ద షో అయితేనేం… తెలుసమ్మా, ఏ వీధిలో చూసినా నీ పాటే మోగుతోంది…

గట్టిగా మాట్లాడలేను, మేకప్ గదిలో ఉన్నా. మా ప్రొడ్యూసర్ గారిక్‌కి తెలిసిపోయింది… అదే. పాటలో పై స్థాయిలో పాడే ఆ పై గొంతు నీది కాదని. మీ చెల్లెలిదని.

నేనెందుకు చెబుతా! మీ వంటింట్లో ఒనీటా పాడుతుంటే విన్న రోజు, నా చెయ్యి పట్టుకుని రాయొద్దన్నావు. పత్రికలో ఒక్క ముక్క రాశానా?… ఆ రోజు నాతో ఫొటోలు తీయడానికి వచ్చాడే, కర్టిస్. వాడి చెవిన పడింది. నిన్న వాగేశాడు.

ఏం చేస్తాడా? జనం ముందు, కెమెరా ముందు అడిగిస్తాడు… నాచేతే. యాంకర్ పక్కన పత్రిక మనిషిగా కూర్చునేది నేనేగా.

అననా మరి! నా వల్ల కాదన్నా. “నువ్వు స్వయంగా విన్నావు, నువ్వడిగితేనే మజా” అన్నాడు. అడక్కపోతే షోలోనే కాదు, పత్రికలోనూ చోటు లేదట… మా ఎడిటరా? తల దించుకుంది. ఇప్పుడు పత్రికకి తిండి పెడుతున్నది ఆ టీవీయేగా.

ఏడవకు… తెలుసు, చర్చిలో తెలిస్తే ఒనీటాని క్వయర్ పాటల బృందంలోంచి తీసేస్తారు. ఇక మీ అమ్మమ్మకి తెలిస్తే… దేవుడివి కాని లోకపు పాటలంటే ఆవిడకి ఎంత మంటో. అందుకే చెబుతున్నా, గొంతు పట్టేసిందను. నువ్వు రాకపోతే నేను అడగక్కర్లేదు. నన్నూ గట్టెక్కించు తల్లీ…

హలో? ఎవరది? వంటింట్లో ఉన్న రెండో ఫోన్ ఎత్తారా?

…ఎర్లీన్ అమ్మమ్మగారా!

ఎప్పట్నుంచి వింటున్నారు… మొదట్నుంచా. దేవుడా.

ఏమిటీ? ముందే తెలుసా?… రేడియోలో విన్న రోజే… అవున్లెండి, ఆ గొంతుకి పాట నేర్పింది మీరేగా. మరి ఇన్నాళ్లూ…

వాళ్లంతట వాళ్లు వచ్చి చెబుతారని చూశారా.

తిట్టకండి, డెల్ఫీన్ వెక్కిళ్లు పెడుతోంది…

—వస్తున్నా గారిక్, తలుపు విరగ్గొట్టకు!—

చెప్పండి… ముగ్గురూ వస్తారా? వద్దండీ! ఒనీటా కొత్తవాళ్ల ముందు నోరే విప్పదు… పాస్టర్ గారికి మీరు చెప్పుకుంటారు, సరే. ఇక్కడ వీళ్లు నవ్వుతారండీ. నవ్వడానికే పిలుస్తున్నారు.

అయినా అడగాలా?… నేనే?

మీ చేత్తో వేయించిన చేప తిన్నదాన్ని, నాకు నోరెలా వస్తుంది? ఉద్యోగం వదిలేస్తా. ఇప్పుడే వెళ్లి చెప్పేస్తా, ఇంకెవరినైనా పెట్టుకోమని…

…

నిజమే. ఇంకెవరైనా అడిగితే వెక్కిరిస్తారు.

లేదండీ, ఏడవట్లేదు… సరే. ఆ పై గొంతు ఎవరిదని అడుగుతాను. మెత్తగానే అడుగుతాను. కానీ ఎవరి వైపు చూసి అడగను? డెల్ఫీన్ వైపా, ఒనీటా వైపా… అమ్మమ్మగారూ?

హలో?… పెట్టేశారా? హలో?