ముకుందం అయివారి పిలుపు

ఏందప్పా, ఆటోకి మైకు కట్టి ఓటెయ్యండి, ఓటెయ్యండి అని అరిస్తే జనం కదిలొస్తారనుకుంటా ఉండావా? కూసో ఈడ. గొంతు బొంగురు పోయుండాది నీకు. ఓటుకి పిలిసేదంటే మా ముకుందం అయివారే పిలవాల. బడిలో పాటాలు సెప్పే ఆయన, పోయి శానా కాలమాయలే. డెబ్బై ఎనిమిది ఎలక్షన్లప్పుడు నామం పెట్టుకోని, పంచె ఎగగట్టి, ఈ కాళాస్తిలో ఒక్క గడప ఇడిసిపెట్టలేదు. ఎవురూ సెయ్యమనలా. బడి ఇడిస్తే అదే పని. 'మాకెందుకు సామీ' అని ఆడోళ్ళంటే, 'నీ ఓటు నీ మొగుడెయ్యలేడు తల్లీ' అంటా ఉండె. మా ఇంటామె అలివేలమ్మ ఆయన్ని సూస్తానే తలుపేసుకునేది, అంత పోరు. నవ్వొద్దు, నిజమే సెప్తా ఉండా.

కలంకారీ పనోళ్ళ వీధి ఉండాదే, ఆడ కుప్పయ్య అని ఒకాయన. అప్పటిదాకా ఓటేసిన మనిషి కాదు. 'మాబోటోళ్ళని ఆడ ఎవురు లెక్కజేస్తారు సామీ' అన్నాడు. అయివారు ఆయన తిన్నె మీద కూసోని, 'నేనుండాను గదా కుప్పయ్యా, నా ముందర నిలబడుకో' అన్నాడు. ఆ ఒక్క మాటకి వీధి వీధంతా కదిలింది. ఓట్ల దినం కుప్పయ్య సలవ పంచె కట్టుకోనొచ్చి అయివారి ముందరే నిలబడినాడు.

ఇంగ సూడు. ఆ పనోళ్ళు తుప్పు ఇనుము, బెల్లం నానేసి నలుపు తీస్తారు గదా, అది గోర్లల్లోకి దిగితే ఒక పట్టాన పోదు. పోలింగు బూతులో పార్టీ ఏజెంటు దేవరాజులు, అయివారు బాడిగకుండే ఇంటికి ఓనరు కూడా ఆయనే, కుప్పయ్య సెయ్యి పట్టుకోని 'యేలికి ఇంకుండాది, దొంగోటుకి మళ్ళా వచ్చినాడు' అని లేసినాడు. 'పని నలుపు దొరా' అంటే ఇనేదెవురు? ఆఫీసరు పైవూరాయన. 'ఈయన్ని ఎరిగినోళ్ళు ఎవురన్నా ఉండారా?' అన్నాడు. కుప్పయ్య ఎనక్కి తిరిగి అయివారి పక్క సూసినాడు. అయివారు దేవరాజుల పక్క సూసినాడు. సూసి, 'నాకు సరిగ్గా తెలీదండీ' అన్నాడు.

కుప్పయ్య లైను ఇడిసి ఎల్లిపోయినాడు. లైన్లో ఉండే పనోళ్ళంతా ఎవురి సేతులు వాళ్ళు సూసుకోని ఆయనెనకే పోయిరి. నెల దినాలు తిరిగి పిలిసింది ఆయనే, ఒక్క మాటతో ఎనక్కి పంపించిందీ ఆయనే. తల కొట్టేసినట్టయింది అయివారికి. ఆ వీధి దాటాల్సొస్తే ఏటి పక్కగా సుట్టు తిరిగి పోయేవాడు.

రెండేండ్లకే మళ్ళా ఎలక్షన్. ఆ తూరి ఎవురింటికీ పోలేదు. ముందునాడు మాత్రం నన్ను తోడు పిలుసుకోని కుప్పయ్యింటికి పోయినాడు. వాకిట్లో నిలబడి, 'తప్పు నాదే కుప్పయ్యా. రేపు నేనే ఆఫీసరుకి సెప్తాను, రండి' అన్నాడు. కుప్పయ్య పీటేసి, 'అంత మాటెందుకు సామీ, వస్తాములే' అన్నాడు. అంతే. నాలుగు తిట్టుంటే బాగుండునప్పా అని దోవంతా ఏడిసినాడు అయివారు.

తెల్లారి పోతే వీధంతా లైన్లో ఉండాది, ముందర కుప్పయ్య. నాలుగు దినాల ముందే పనాపేసి, సింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమి తోమి యేళ్ళు పుండ్లు పడుండాయి. అయివారు 'ఉండు, సెప్తాను' అని ముందుకు పోబోతే, కుప్పయ్య ఆ సేతులు సాపి సూపించి, మెల్లిగా, 'మీరు సెప్పే పన్లేదు సామీ, తెల్లంగానే ఉండాయి' అన్నాడు.

అందురూ ఓటేసినారు ఆ పొద్దు. అయివారొక్కడే ఎయ్యలా. గేటుకాణ్ణించే తిరిగొచ్చేసినాడు. నేను పిలిసినాను గూడా, 'ఏం సామీ, మీరు ఎయ్యరా' అని...

ఎండెక్కతా ఉండాది, నువ్వు పోప్పా. ఆ ఆటో ఆయన ఎంతసేపు నీకోసరం కాసుకోనుంటాడు.