బండి ఎవరి పేరు మీద ఉంది

వంటింటి తలుపు ఒక్క మడతబందు మీద వేలాడుతోంది. అతను తల్లి ఫోను స్పీకరులో పెట్టి, కారు కంపెనీ సహాయ కేంద్రంలోని అమ్మాయితో మాట్లాడుతున్నాడు. తల్లి గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? కారు పోయింది. దొంగతనం. ఇంజను ఆపెయ్యండి, అంతే!"

"అర్థమైంది సార్. పోయి ఎంతసేపైంది?"

"పావుగంట. ఇరవై నిమిషాలు. ఎంతైతే ఏంటి?"

"అద్దం పగలగొట్టారా సార్?"

"లేదు. తాళం... తాళం తీసుకునే పోయింది."

"పోయింది అంటే, ఆడమనిషా?"

"ఆడదైతే దొంగ కాదా? మీ దగ్గర ఆ బటన్ ఉందా లేదా? షోరూంవాడు చెప్పాడు, ఒక్కటి నొక్కితే కారు ఎక్కడికక్కడ నిలబడిపోతుంది, తలుపులు కూడా బిగిసిపోతాయి అని. పాటలూ, దారి చూపించడాలూ నాకెందుకు? ఈ ఒక్కదాని కోసమే ఆ మోడల్ తీసుకున్నా."

"మరి మీ ఫోన్లోంచే నొక్కొచ్చు కదా సార్?"

"నా ఫోను బకెట్లో ముంచి పోయింది."

"దొంగా?"

"అడిగినదానికి జవాబు చెప్పు నువ్వు."

"ఒరేయ్, చేతికి ఏదైనా చుట్టుకోరా. రక్తం కారుతోంది."

"నువ్వు నోర్ముయ్ అమ్మా!"

"ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?"

"నాకే! కరిచింది. ఇస్త్రీపెట్టె తీసి మీదకి విసిరింది. ఇప్పటికైనా తెలిసిందా ఎలాంటిదో?"

"అయ్యో. ఇంట్లో జొరబడి, మిమ్మల్ని కొట్టి, కారు కూడా పట్టుకుపోయిందా? ఉండండి సార్, పోలీసులకి కలుపుతాను."

"పోలీసులెందుకు మధ్యలో? వద్దు. వద్దన్నానా! నువ్వు కారాపు చాలు."

"అలాగే సార్. కారు నడుస్తూనే ఉంది. వెనక పిల్లల సీటు బెల్టు పెట్టి ఉన్నట్టు చూపిస్తోంది నాకు."

"ఆ."

"దొంగ పిల్లని కూడా వెంటబెట్టుకుని వచ్చిందా సార్?"

"నా కూతురు! నా పెళ్ళాం, నా కూతురు, నా కారు. చాలా? ఇంకేం కావాలి నీకు?"

"ఇందాక దొంగ అన్నారు కదండీ."

"చెప్పకుండా పోతే దొంగే. ఎక్కడుందో చెప్పు. కారాపి తలుపులు బిగించు. పది నిమిషాల్లో నేనక్కడుంటా. తర్వాత సంగతి నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటారు సార్?"

"కాళ్ళు విరగ్గొడతా. జన్మలో మళ్ళీ గుమ్మం దాటదు. రాసుకో, రికార్డు చేసుకో, నాకేం భయం!"

"మొదట్నుంచీ రికార్డు అవుతూనే ఉంది సార్."

"...కోపంలో అన్నా. ఎవరనరు? మీ ఇంట్లో అనరా? చూడమ్మా, నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివి. లోపల పిల్ల ఉంది. దానికి సరిగ్గా నడపడం రాదు. పైగా ఒక కన్నే తెరుచుకుంటోంది. ఎక్కడన్నా గుద్దేస్తే?"

"కంటికేమైంది సార్?"

"తలుపు తగిలింది."

"తలుపేనమ్మా. వీడు తన్నినప్పుడు దాని వెనకే ఉంది పాపం."

"అమ్మా! నిన్నడిగిందా ఎవరన్నా?"

"సార్, ఒక ఇబ్బందుంది. ఈ కారు మీ పేరు మీద లేదు."

"మా అమ్మ పేరు మీద ఉంది. ఆడవాళ్ళ పేరైతే లోను వడ్డీ తగ్గుతుందంటే అలా తీశా. సంతకం పెట్టడం తప్ప ఆవిడకి దాంతో ఏ సంబంధం లేదు. డోర్ తీయడం కూడా రాదు."

"ఇంజను ఆపాలంటే యజమాని గొంతే కావాలి సార్. రూలు అది. ఆవిడకివ్వండి, నేను మాట్లాడతాను."

"అంతేనా? ఆ ముక్క ముందే ఏడవడానికేం? అమ్మా, లే."

"లేవలేనురా."

"సరే, కూర్చునే చెప్పు. ఇదిగో ఫోను. కారు పోయింది, ఆపండి. అంతే."

"కాసిని మంచినీళ్ళిస్తావా? గొంతు పిడచకట్టుకుపోతోంది."

"చెప్పాక తాగు!"

"ఏమనమన్నావు?"

"కారు పోయింది. ఆపండి."

"కారు పోయింది..."

"ఆ, తర్వాత?"

"ఎంత దూరం పోయిందమ్మా?"

"అది అడగమన్నానా నిన్ను?"

"అమ్మగారూ, మీరు పుట్టిన సంవత్సరం చెప్తారా? మీరేనని చూసుకోవాలి."

"అసలుదొకటి, కాగితాల్లోదొకటి తల్లీ. ఏది కావాలి?"

"కాగితాల్లోది."

"అది వీడే రాయించాడు. ఏం రాయించావురా?"

"యాభై ఎనిమిది! ఆలస్యం చేస్తున్నావు, కావాలనే చేస్తున్నావు."

"లేదు నాన్నా, గుర్తు లేక. యాభై ఎనిమిదిట అమ్మా."

"సరిపోయిందండీ. ఇప్పుడు అడిగేది జాగ్రత్తగా వినండి. మీకు ఇష్టం లేకుండా మీ కారు ఎవరైనా తీసుకెళ్ళారా?"

"అవును అను. అమ్మా, ఇటు చూడు. అవును అను."

"జుట్టొదులు, చెప్తాను."

"అమ్మగారూ? వినబడుతోందా?"

"అను!"

"వినబడుతోంది తల్లీ. ఎవరూ ఎత్తుకుపోలేదు, తాళం నేనే చేతిలో పెట్టి పంపాను. దాన్ని పోనీ, ఆపకు. పోలీసుల్ని మాత్రం ఈ ఇంటికి పంపు. ఇప్పుడు వీడి చేతికి చిక్కింది నేనే."